ప్రింటరు లేకుండా ప్రింటింగు పరీక్ష
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "అమ్మాయ్, యాభై ఏళ్ల పండగకి నువ్వు రావాల. నీ ఉద్యోగం గురించి కాసేపు మాట్లాడాల" అన్నప్పుడు నవ్వొచ్చింది. నా ఉద్యోగం ఏందో ఇన్నేళ్లయినా మా అమ్మకే సరిగ్గా చెప్పలేకపోయాను. ఎవరైనా అడిగితే ఆమె "ప్రింటర్ల కంపెనీలో పని" అని చెబుతుంది. నిజానికి నేను పని చేసిన గదిలో చాలా ఏళ్ల పాటు ప్రింటరే లేదు. కంప్యూటరులో రాసింది కాగితం మీద సరిగ్గా పడేట్టు చేసే సాఫ్ట్‌వేరును పరీక్షించడం నా పని. అది కూడా ప్రింటరు లేకుండా. నీళ్లు లేకుండా ఈత నేర్పినట్టుంది గదా అని మీకు అనిపించవచ్చు. అది ఎంతవరకు సాధ్యమో, ఎక్కడ సాధ్యం కాదో, రెండూ చెబుతాను. మొదటిది నేను హైదరాబాదులో నేర్చుకున్నాను. రెండోది మన జిల్లాలోనే, ఒక అవ్వ దగ్గర నేర్చుకున్నాను.

నేను అచ్చు పని మొదట చూసింది మాత్రం ఈ బళ్లోనే. మా రోజుల్లో యూనిట్ టెస్టుల ప్రశ్నపత్రాలు సైక్లోస్టైల్ చేసేవాళ్లు. నా ఈడు వాళ్లకి ఆ ఇంకు వాసన ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద ఇనప మొన ఉన్న స్టైలస్‌తో మా తెలుగు మాస్టారు స్వయంగా రాసేవారు. తెలుగు అక్షరాలు గుండ్రటివి గదా. మొన కొంచెం గట్టిగా తగిలిందంటే సున్నా లోపలి ముక్క ఊడొచ్చి, అక్కడ నల్లటి మచ్చ పడేది. తప్పు రాస్తే ఎర్రటి మందు పూసి, ఆరినాక మళ్లీ రాయాలి.

పిడి తిప్పే పని మాకిచ్చేవారు. మొదటి కాపీ బయటికి రాగానే సారు దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవారు. మాకేమో తిప్పాలని తొందర. "ఇంక తిప్పమంటారా సార్?" అంటే, "ఆగమ్మా. ఇప్పుడు తప్పుంటే ఒకటే తప్పు. తిప్పినాక నూటిరవై తప్పులు" అనేవారు. ఆ మాట అప్పుడు చాదస్తమనిపించింది. తర్వాత నా జీతమంతా ఆ మాట మీదే వచ్చింది.

నెల్లూరులో డిగ్రీ చదివి, కంప్యూటరు కోర్సు చేసి, 2001లో హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో చేరాను. సహకార సంఘాలకి, పొదుపు సంఘాలకి లెక్కలు రాసే సాఫ్ట్‌వేరు మాది. రసీదులు, పాస్‌బుక్కులు తెలుగులో అచ్చు వేయడం దాని ప్రత్యేకత. ఆఫీసు మొత్తానికి ఒకే ఒక లేజర్ ప్రింటరు ఉండేది. అది మేనేజరు గారి గదిలో. కాగితం లెక్క రాసి తీసుకోవాలి. మా సాఫ్ట్‌వేరు కొన్నవాళ్ల దగ్గర చూస్తే ఒకరికి డాట్ మ్యాట్రిక్స్, ఒకరికి ఇంక్‌జెట్, ఒకరికి లేజర్. అన్ని రకాలూ కొని టేబుల్ మీద పెట్టడం ఎంత పెద్ద కంపెనీకైనా కుదరని పని. అందుకని ప్రింటరు లేకుండా పరీక్షించడం నేర్చుకున్నాం.

అది ఎట్లాగంటే, మనం ప్రింట్ అని నొక్కినప్పుడు సాఫ్ట్‌వేరు నేరుగా ప్రింటరుతో మాట్లాడదు. మధ్యలో డ్రైవరు అని ఒక దుబాసీ ఉంటుంది. ఈ పేజీ ఇట్లా ఉండాలి అని సాఫ్ట్‌వేరు డ్రైవరుకి చెబుతుంది. డ్రైవరు దాన్ని ఆ ప్రింటరుకి అర్థమయ్యే భాషలోకి మారుస్తుంది. ప్రింటరు ఆ భాషను చదివి కాగితం మీద చుక్కలు పెడుతుంది. అక్షరమైనా బొమ్మైనా చివరికి చుక్కలే. ఆ భాషల్లో పేరున్నది పోస్ట్‌స్క్రిప్ట్. అడోబీ కంపెనీ దాన్ని 1984లో తెచ్చింది. మరుసటి ఏడు ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటరు, పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరు వచ్చాయి. టేబుల్ మీద కూర్చుని పుస్తకం తయారు చేసే డీటీపీ పని వాటితోనే ఊపందుకుంది. నెల్లూరులో మనం పెళ్లి శుభలేఖలు వేయించుకున్న డీటీపీ సెంటర్లన్నీ ఆ వంశంలోవే.

ఇందులో మాకు పనికొచ్చిన సంగతి ఒకటుంది. డ్రైవరు పెట్టుకోవడానికి ప్రింటరు ఉండనక్కర్లేదు. విండోస్‌లో ఏ ప్రింటరు డ్రైవరునైనా పెట్టి, పోర్టు అడిగిన చోట ఫైలు అని ఎంచుకుంటే చాలు. ప్రింటరుకి పోవాల్సిన ఉత్తరం మన చేతికొస్తుంది. దాన్ని చదవడానికి గోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేరు ఉంది. పీటర్ డాయిచ్ అనే ఆయన రాసింది, 1988లో విడుదలైంది, ఉచితంగా దొరికేది. అది పోస్ట్‌స్క్రిప్ట్ చదివి, ప్రింటరు కాగితం మీద పెట్టే చుక్కలన్నీ తెర మీద బొమ్మగా పెడుతుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఏ4 కాగితం అంటే అడ్డం 2480, నిలువు 3508. అంటే దాదాపు 87 లక్షల చుక్కలు. నిన్నటి పేజీ బొమ్మను, ఇవాళ్టి పేజీ బొమ్మను కంప్యూటరు చేతే చుక్క చుక్కా పోల్పించేవాళ్లం. ఎక్కడ తేడా ఉంటే అక్కడ ఎర్రగా కనిపించేది. మనిషి కన్ను వెయ్యి పేజీలు చూడలేదు. ఇది రాత్రికి రాత్రి చూసేది. కాగితం ఖర్చు లేదు, ఇంకు ఖర్చు లేదు. నాకు చాలా గర్వంగా ఉండేది.

2003లో మన జిల్లాలోనే ఒక పొదుపు సంఘం మా సాఫ్ట్‌వేరు కొనుక్కుంది. ఊరు చూసినట్టుంటుందని నేనే బయల్దేరాను. వాళ్ల దగ్గర ఒక పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఉంది. సూదులు రిబ్బన్ మీద టకటకా కొట్టే రకం, తొమ్మిది సూదులది. మొదటి రోజు నలభై పాస్‌బుక్కుల మొదటి పేజీలు కొట్టి పంచడం మొదలుపెట్టాం. గుమాస్తా పేరు పిలవడం, ఆడవాళ్లు వచ్చి పుస్తకం తీసుకుని పోవడం. వరుసలో ఒక అవ్వ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. పుస్తకం తీసుకుని వెంటనే పోలేదు. కంటికి దూరంగా పట్టుకుని, వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. చదివి తిరిగి టేబుల్ మీద పెట్టేసింది.

"ఇది నా పేరు కాదమ్మా."

గుమాస్తా నంబరు చూసి, "నీదేలే అవ్వా, నంబరు సరిపోయింది. తీసుకుని పో" అన్నాడు.

"నంబరు మీరు పెట్టింది. పేరు మా అమ్మ పెట్టింది. రాత్రి బళ్లో పలక మీద దిద్ది దిద్ది నేర్చుకున్నా. నా పేర్లో కింద ఒత్తు ఉంటది. దీంట్లో ఏదో మురికి ఉంది."

నేను పుస్తకం తీసుకుని చూశాను. ఆమె పేరు ఇక్కడ చెప్పను. చివర మ్మ ఉంది, అంతే చెబుతాను. ఆ మ కింద మ ఒత్తు ఉండాల్సిన చోట రెండు మూడు చుక్కలు కలిసిపోయి మరకలాగా ఉంది. మిగిలిన ముప్పైతొమ్మిది పుస్తకాలూ తెప్పించి చూశాను. కామాక్షమ్మలు, సుబ్బమ్మలు, పెంచలమ్మలు, అందరి ఒత్తులూ అంతే. మూడు నెలలు నేను రాత్రింబవళ్లు పరీక్షించిన సాఫ్ట్‌వేరు అది. మా ఆఫీసు తెర మీద ఒక్క ఒత్తు కూడా చెరగలేదు.

ఇక్కడ మన జిల్లా సంగతి ఒకటి చెప్పాలి. పిల్లలకి తెలియకపోవచ్చు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు లాంతరు దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దారు. ఆ చదువు నుంచే 1992లో దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం పుట్టింది. రోసమ్మ పేరు దేశమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాతే ఊరూరా పొదుపు సంఘాలు పెరిగాయి. మా అమ్మ కూడా మన బడి వరండాలోనే అప్పుడు సంతకం నేర్చుకుంది. అంటే నా టేబుల్ ముందు నిలబడిన అవ్వ, యాభై ఏళ్ల వయసులో కష్టపడి సంపాదించుకున్న అక్షరం అది. దాన్ని నేను మరక చేసి ఆమె చేతికిచ్చాను. పైగా ఆ పేరు రేపు బ్యాంకు కాగితాల్లోకి ఎక్కుతుంది. అక్కడ తప్పు పడితే దిద్దించుకోవడానికి ఆమె ఎన్ని ఆఫీసులు తిరగాలో మీకు నేను చెప్పనక్కర్లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ రాత్రి ఇక్కడ, మైపాడులో, మా ఇంటి అరుగు మీద కాగితం పెన్ను పెట్టుకుని లెక్క వేస్తే తెలిసింది. తొమ్మిది సూదుల ప్రింటరులో సూదికి సూదికి మధ్య దూరం అంగుళంలో 72వ వంతు. అక్షరాల సైజు కొలిచే పాయింటు కూడా అంగుళంలో 72వ వంతే. అంటే 10 పాయింట్ల అక్షరానికి, వేగంగా కొట్టే పద్ధతిలో, పై నుంచి కింది దాకా పదే పది చుక్కలు. ఇంగ్లీషు అక్షరానికి అది సరిపోతుంది. మన అక్షరానికి పైన తలకట్టో గుడో ఉండాలి, మధ్యన అక్షరం ఉండాలి, కింద ఒత్తు ఉండాలి. ఈ మూడు అంతస్తులూ పది చుక్కల్లో పట్టాలి. ఒత్తుకి మిగిలేది రెండు మూడు చుక్కలు. అందులో మ ఒత్తుకీ బ ఒత్తుకీ తేడా చూపించడం బ్రహ్మతరం కూడా కాదు. మరి నేను ఆఫీసులో పరీక్షించింది లేజర్ డ్రైవరు మీద, అంగుళానికి 600 చుక్కల లెక్కన. అక్కడ అదే అక్షరానికి 83 చుక్కలు. అద్దంలాగా కనిపించక ఏం చేస్తుంది?

ప్రింటరు లేకపోవడం నా తప్పు కాదు. ఉన్నదానికి బదులు వేరేదాన్ని పెట్టుకుని, అదే ఇదని నమ్మడం నా తప్పు.

మా తాత వల గుర్తొచ్చింది. మధ్యాహ్నం పూట ఇసకలో వల పరిచి, ఎండకి ఎదురు పట్టి చూసేవాడు. కన్ను తెగిన చోట గుర్తు పెట్టుకుని సూదితో అల్లేవాడు. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, "తాతా, సముద్రంలో వెయ్యకుండా వల బాగుందని ఎట్లా తెలుస్తది?" అని. "చిల్లి ఉందో లేదో ఇసకలో తెలుస్తది. చేప పడుద్దో లేదో నీళ్లల్లోనే తెలుస్తది" అన్నాడు. ఇసకలో చూడకుండా సముద్రంలోకి పోయేవాడు మూర్ఖుడు. ఇసకలో చూశాను గాబట్టి చేపలు పడ్డట్టే అనుకునేవాడు కూడా అంతే. నేను రెండో రకం.

మర్నాడు అక్షరం సైజు 14కి పెంచాను. ఒక్కో వరసనీ సూదులు రెండు సార్లు కొట్టే పద్ధతి పెట్టాను. వరసల మధ్య ఎడం పెంచాను. ప్రింటింగు నెమ్మదైంది. గుమాస్తా కొంచెం గొణిగాడు గానీ, నలభై పుస్తకాలూ కొత్తవి కొట్టించాను. ఖర్చు మా కంపెనీ పెట్టుకుంది. అవ్వ వచ్చి మళ్లీ వేలు పెట్టి చదివింది. ఒత్తు దగ్గర వేలు ఆపింది. ఏమీ అనలేదు. పుస్తకం కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఈ పనిలో ఉన్న మన పిల్లలు కొందరు ఇక్కడున్నారు, వాళ్లకి పనికొస్తుందని చెబుతున్నాను.

ఒకటి. ఉత్తుత్తి ప్రింటరు పెట్టుకున్నప్పుడు అసలుదాని బలహీనతలతో సహా పెట్టుకోవాలి. గోస్ట్‌స్క్రిప్ట్‌కి అడ్డం 120, నిలువు 72 చుక్కలే చాలు అని చెప్పవచ్చు. అప్పుడు అవ్వకి కనిపించిన మరక మనకీ తెర మీదే కనిపిస్తుంది. ఇది నేను ముందే చేసి ఉండవచ్చు. పైసా ఖర్చు లేదు. నాకు తోచలేదు, అంతే.

రెండు. సులువైన మాటలతో పరీక్షించకూడదు. రమ, సీత, కమల అని కొట్టి బాగుందనుకుంటే ఏమీ తెలియదు. నా జాబితాలో స్త్రీ, రాష్ట్రం, స్వాతంత్ర్యం, జ్యోత్స్న ఉంటాయి. వాటి పక్కన మనూరి పేర్లు, పెంచలయ్య, కామాక్షమ్మ, వెంకయ్య. కొత్త ఫాంటు వచ్చినా, కొత్త విండోస్ వచ్చినా మొదట ఈ జాబితా దాటాలి.

మూడు. కాగితం అంచులు. అమెరికాలో తయారైన సాఫ్ట్‌వేరు చాలావరకు లెటర్ సైజు కాగితం అనుకుని మొదలుపెడుతుంది. అది 279 మిల్లీమీటర్ల పొడుగు. మన ఏ4 కాగితం 297. ఆ 18 మిల్లీమీటర్ల తేడాలో కింది వరసలు, సంతకం చోటు ఎగిరిపోయిన కాగితాలు నేను చాలా చూశాను. ఇంకొకటి, పీడీఎఫ్‌కి అంచు దాకా రాయడానికి అడ్డం లేదు. మామూలు ప్రింటరు మాత్రం కాగితాన్ని పట్టుకోవడానికి చుట్టూ నాలుగైదు మిల్లీమీటర్లు వదిలేస్తుంది. పీడీఎఫ్ చూసి అంచులు బాగున్నాయి అనడం, బట్టల కొట్లో బొమ్మకి తొడిగిన చొక్కా చూసి నాకు సరిపోతుంది అనడం లాంటిది.

నాలుగు. ప్రింటరు పని చేసినప్పుడు ఎట్లా ఉంటుందో కాదు, మొరాయించినప్పుడు ఎట్లా ఉంటుందో చూడాలి. పాస్‌బుక్కు సగంలో కాగితం ఇరుక్కుంటే, ఆ లెక్క రెండు సార్లు పడుతుందా, అసలు పడదా? 2020లో లాక్‌డౌన్ వచ్చి మా జట్టంతా ఇళ్లల్లో చిక్కుకుపోయినప్పుడు ఒక్కరి దగ్గరా ప్రింటరు లేదు. అప్పుడు కప్స్ మమ్మల్ని ఆదుకుంది. మైకేల్ స్వీట్ అనే ఆయన 1999లో విడుదల చేసిన ప్రింటింగు వ్యవస్థ అది, లైనక్స్ వాడేవాళ్లకి తెలుసు. 2019లో వచ్చిన 2.3 వెర్షనుతో పాటు ఒక నకిలీ ప్రింటరు కూడా ఇచ్చారు. అది నెట్‌వర్కులో అచ్చం ప్రింటరులాగా కనిపిస్తుంది. దాని ట్రేలో కాగితం సున్నా అని మనం పెడితే, కాగితం అయిపోయింది అని చెబుతుంది. ఇంట్లో కూర్చుని, వంద సార్లు కాగితం అయిపోయినట్టు చేసి, మా సాఫ్ట్‌వేరు ఏం చేస్తుందో చూశాం. నిజం ప్రింటరుతో అయితే వంద సార్లు ట్రే లాగి పెట్టాలి.

అయిదు. ఇంత చేసినాక కూడా, చివరికి ఒక కాగితం నిజంగా తియ్యాలి. వాడేవాళ్ల ప్రింటరులో, వాళ్ల రిబ్బన్‌తో, వాళ్ల కాగితం మీద. తీసి, ఎవరి పేరు అందులో ఉందో వాళ్ల చేతే చదివించాలి. కిటికీ దగ్గరికి వెళ్లి మొదటి కాపీ చదివిన మా సారు చేసింది ఇదే.

పిల్లలకి ఒక మాట. మా బళ్లో ఇది లేదు, మా ఇంట్లో అది లేదు అని ఆగొద్దు. నేను చెప్పిన గోస్ట్‌స్క్రిప్ట్, కప్స్ రెండూ ఉచితమే. విండోస్ 10 నుంచి పీడీఎఫ్‌గా అచ్చు వేసే వీలు కంప్యూటరుతో పాటే వస్తోంది. యంత్రం లేకుండానే ఆ యంత్రం పని తొంభై పాళ్లు నేర్చుకోవచ్చు. మిగిలిన పది పాళ్లు ఎక్కడున్నాయో మాత్రం మర్చిపోవద్దు.

ఇక చివరిది, సంచిక తయారు చేస్తున్న మిత్రులకి నా మనవి. ఈ ప్రసంగం అందులో వేస్తామన్నారు, సంతోషం. ప్రూఫు అందరి ఫోన్లకీ పీడీఎఫ్‌గా పంపిస్తామన్నారు. ఫోన్లో చూసి సరే అనకండి. ఫోన్లో వేళ్లతో సాగదీస్తే ప్రతి అక్షరం బాగానే ఉంటుంది. ప్రెస్సు వాళ్లని అడిగి, యాభై బ్యాచీల పేర్లున్న పేజీలు ఒక్క ప్రతి కాగితం మీద తీయించండి. బ్యాచికి ఒకరు కూర్చుని, ఒత్తు ఒత్తూ చదివి, పక్కన సంతకం పెట్టండి. నేను మా బ్యాచిది చదువుతాను. మనల్ని విడిచి వెళ్లిపోయిన గురువుల పేర్లు, మన తోటి వాళ్ల పేర్లు కూడా అందులో ఉన్నాయి. వాళ్లు వచ్చి, ఇది నా పేరు కాదమ్మా అని చెప్పలేరు. వాళ్ల తరఫున మనమే చదవాలి.